టీకా తర్వాత సత్యవేడు: గీతకు ఇటూ అటూ

ఆంధ్ర సరిహద్దులోని సత్యవేడువాళ్లకు పొరుగూరు అంటే చాలాసార్లు పొరుగు రాష్ట్రం తమిళనాడే. గుడ్డలకు ఊత్తుకోట, పెద్ద జబ్బు చేస్తే మద్రాసు, కాలేజీకి తిరుపతి, ఉద్యోగానికి శ్రీసిటీ లేదా గుమ్మిడిపూండి. పిల్లనిచ్చిపుచ్చుకోవడాలు రెండు వైపులా ఉన్నాయి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. అప్పటిదాకా చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు, చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. పటం మారినా జనం రాకపోకలు మారలేదు. అందుకే కోవిడ్ నుంచి మా ప్రాంతం ఎప్పుడు, ఎలా తేరుకుందో చెప్పాలంటే కేసుల లెక్కలకంటే సరిహద్దు ఎవరికి ఎప్పుడు తెరుచుకుందో చూడడం మేలు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడ్డాక ఆ సరిహద్దు గీత ఒక్కసారిగా గోడైంది. చిత్తూరు, వేలూరు జిల్లాల మధ్య రోడ్ల మీద ఏప్రిల్‌లో తమిళనాడు అధికారులు నిజంగానే ఇటుకలతో గోడలు కట్టించి, విమర్శలు వచ్చాక కూల్చేశారు. ఆ వెంటనే మద్రాసు కోయంబేడు మార్కెట్ నుంచి వైరస్ కూరగాయల లారీలతో పాటు ప్రయాణించింది. మే నెలలో చిత్తూరు జిల్లాలో బయటపడిన కేసులు ఎన్నో ఆ మార్కెట్‌కు పోయివచ్చినవాళ్లవే. రోజూ అటు పోయి బతికేవాళ్లను చూసి ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్న రోజులవి. ఆ భయాన్ని తప్పుపట్టలేను. కానీ ఆ భయం కింద నలిగింది కూలీలు, డ్రైవర్లు, చిల్లర వ్యాపారులు.

టీకాలు 2021 జనవరి 16న ఆసుపత్రి సిబ్బందితో మొదలయ్యాయి. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకూ, జబ్బులున్న నలభై అయిదు దాటినవాళ్లకూ, ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన అందరికీ వేశారు. సరిగ్గా జనం వరస కట్టే వేళకు రెండో ఉద్ధృతి వచ్చిపడింది. మే 5 నుంచి ఆంధ్రలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు సరఫరా తగ్గి 11 మంది చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి అందవలసిన ఆక్సిజన్ ట్యాంకరు తమిళనాడు వైపు నుంచి రావలసినది. మా జిల్లా ఊపిరి కూడా సరిహద్దు దాటే రావాలని ఆ రాత్రి తెలిసింది.

మూడు రోజులకే, మే 13న, కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం 12-16 వారాలకు పెంచారు. వైద్యపరంగా దానికి కారణాలున్నాయి: ఎడం పెరిగితే రక్షణ మెరుగవుతుందని విదేశీ పరిశోధనలు చూపాయి, దేశంలో అప్పుడు టీకాల కొరతా ఉంది. కానీ మేలో మొదటి సూది వేసుకున్నవాళ్లు ఆగస్టు దాకా "సగం" మనుషులుగానే మిగిలారు. జూన్ 7న కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో, టోక్యో ఒలింపిక్స్‌కో పోయేవాళ్లు 28 రోజులకే రెండో డోసు వేసుకోవచ్చంది. మన పిల్లలు ఎందరో ఆ దారిన బయటపడ్డారు. బిడ్డ దగ్గరికి పోవాలనుకున్న తల్లిదండ్రులకు మాత్రం అది వర్తించలేదు. ఇంటికి దూరంగా పురుడు పోసుకున్న ఆడపిల్లలను తలుచుకుంటే ఆ తేడా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జూన్ 20న ఆంధ్రప్రదేశ్ ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది. అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు వయసుతో పనిలేకుండా ముందు వేశారు. వాలంటీరు ఇంటికి వచ్చి పేరు రాసుకోవడం, ఆశా కార్యకర్త వెంటబడి పిలవడం, గ్రామ సచివాలయం దగ్గర ఏఎన్‌ఎం సూది వేయడం, వేశాక అరగంట కూర్చోబెట్టడం: ఈ గొలుసు లేకపోతే ఫోనులో ఓటీపీ చూసుకోవడం రాని పెద్దవాళ్లకు ఆ ఏడాది టీకా అందేది కాదు. జ్వరం వస్తుందేమోనని, ఏదో అవుతుందని వెనక్కు తగ్గినవాళ్లను ఒప్పించింది ఉపన్యాసాలు కావు. తెలిసిన మనిషి గడపలో నిలబడి "నేనూ వేసుకున్నాను కదా పెద్దమ్మా, రా" అనడమే.

ఇక్కడ మన ప్రాంతపు మనిషి ఒకాయన గురించి చెప్పాలి. కోవాగ్జిన్ తయారు చేసిన హైదరాబాదు భారత్ బయోటెక్ స్థాపకుడు కృష్ణ ఎల్లాది తిరుత్తణి దగ్గరి నెమిలి. 1960లో సత్యవేడు ఇటు వచ్చినప్పుడు అటు పోయిన తిరుత్తణి అదే. ఆయన టీకా వేసుకున్నవాళ్లు మన ఊళ్లలో వేలమంది. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకు లేని ఇబ్బంది వాళ్లకు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబర్ 3న. అంతదాకా చాలా దేశాల లెక్కలో వాళ్లు టీకా వేసుకోనివాళ్లే. కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు మన విద్యార్థులను అక్కడ మళ్లీ వేరే టీకా వేసుకోమన్నాయి. అయిదు రోజుల తర్వాత, నవంబర్ 8న, రెండు డోసులు పూర్తయిన విదేశీయులకు అమెరికా తలుపు తీసింది. అమెరికా ఒప్పుకున్న టీకాల్లో కోవాగ్జిన్ కూడా ఉంది. బ్రిటన్ ఆ నెల 22 నుంచి ఒప్పుకుంది.

టీకాకు తోడు కాగితం చిక్కులు. మనవాళ్ల ఇంటిపేరు ఆధార్‌లో ఒక అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కోవిన్ ధ్రువపత్రంలో పేరు పాస్‌పోర్టుతో కలవవలసి వచ్చేది, పుట్టిన తేదీ పూర్తిగా ఉండవలసి వచ్చేది. మొదట్లో ఆ పత్రంలో తేదీ లేదు. విదేశాలకు పోయేవాళ్ల కోసం తర్వాత చేర్చారు. వీడియో కాల్‌లో అమ్మానాన్నల ఫోను తెర చూస్తూ, విదేశంలో ఇక్కడి నుంచి అక్షరం అక్షరం దిద్దించిన సభ్యులు మన ప్రవాసుల సంఘంలో ఎందరో.

సూది పత్రం ఊళ్లోనూ అవసరమైంది. 2021 సెప్టెంబర్ చివరి నుంచి తిరుమల దర్శనానికి రెండు డోసుల ధ్రువపత్రం గాని, మూడు రోజుల లోపు చేయించిన పరీక్షలో వైరస్ లేదన్న పత్రం గాని చూపాలన్నారు. 2022 జనవరి 10 నుంచి మద్రాసు సబర్బన్ రైళ్లలోనూ రెండు డోసులవాళ్లకే టికెట్. ఆ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. తడలో ఎక్కి మద్రాసులో పనికి పోయే కూలీకి అది తిండికి సంబంధించిన నిబంధన. ఆ నెలలోనే ఒమిక్రాన్ టీకా వేసుకున్నవాళ్లకూ సోకింది. సోకినా, రెండో ఉద్ధృతిలోలా ఆసుపత్రి పడకల కోసం పరుగులు పెట్టవలసి రాలేదు. రెండు డోసులు వేసుకుంటే వైరస్ ఇక రాదని నమ్మినవాళ్లు నిరాశపడ్డారు. ప్రాణాలు నిలుస్తాయని చెప్పి వేసిన ఏఎన్‌ఎమ్‌ల మాట నిలిచింది.

2022 మార్చి 27న షెడ్యూలు ప్రకారం నడిచే విదేశీ విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఏప్రిల్ 4న సత్యవేడు కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ వేసవిలో విదేశంలోని బిడ్డల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు అప్పటికే రెండేళ్లు నిండిన మనవళ్లు మొదటిసారి చేతికి అందారు. విదేశీ ప్రయాణికులకు పెట్టిన టీకా నిబంధనను అమెరికా 2023 మే 12న తీసేసింది. మందులు వాడే పెద్దవాళ్లు ప్రయాణం పెట్టుకున్నప్పుడు మాత్రం ఇప్పటికీ వైద్యుణ్ని అడిగి ఫ్లూ, కోవిడ్ టీకాల సంగతి ముందే తేల్చుకోమని మావాళ్లకు చెబుతుంటాను. పాస్‌పోర్టులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా టికెట్ కొనకముందే చూసుకోమంటాను.