ఢిల్లీ గ్లవ్స్ ఎవరికి? వికెట్ కీపర్లు, ఆటగాళ్ల బదిలీలపై రాజధాని అభిమానుల ఎడతెగని వాదం

2025 మార్చి 24, విశాఖపట్నం. ఆఖరి ఓవర్ మొదలయ్యేసరికి ఢిల్లీ క్యాపిటల్స్‌కు 6 పరుగులు కావాలి, చేతిలో ఒకే వికెట్ ఉంది. తొలి బంతికి మోహిత్ శర్మను స్టంప్ చేసే అవకాశం లక్నో సూపర్ జెయింట్స్ కెప్టెన్, వికెట్ కీపర్ రిషభ్ పంత్ చేతికి అందినట్టే అంది జారిపోయింది. రెండో బంతికి ఒక పరుగు వచ్చింది. మూడో బంతిని ఆశుతోష్ శర్మ సిక్సర్‌గా మలిచి ఢిల్లీని గెలిపించాడు.

అప్పటికి నాలుగు నెలల ముందు వరకు పంత్ ఢిల్లీ ఆటగాడే. అందువల్ల ఆ ఒక్క బంతి రాజధానిలో పాత వాదాన్ని మళ్లీ రగిల్చింది. పంత్‌ను వదులుకోవడం తప్పా, ఒప్పా? కీపర్‌ను అతని పరుగులతో కొలవాలా, గ్లవ్స్ పనితనంతో కొలవాలా? కోట్లా మైదానం చుట్టుపక్కల వీధుల నుంచి నోయిడా, గురుగ్రామ్ కార్యాలయాల వరకు ఈ ప్రశ్నలు ప్రతి వేలానికి ముందూ, ప్రతి ఓటమి తరువాతా వినిపిస్తూనే ఉంటాయి.

ఈ ఆవేదనకు కారణం ఉంది. ఐపీఎల్ 2008లో ఎనిమిది జట్లతో ప్రారంభమైంది. వాటిలో నేటికీ కొనసాగుతున్న ఏడింటిలో 2025 సీజన్ ముగిసే నాటికి టైటిల్ ఎరుగనివి ఢిల్లీ, పంజాబ్ మాత్రమే. 2020లో ఢిల్లీ తొలిసారి ఫైనల్ చేరినా ముంబయి ఇండియన్స్ చేతిలో ఓడిపోయింది.

తెలుగువారికీ ఈ జట్టుతో సన్నిహిత సంబంధం ఉంది. సహ యజమాని జీఎంఆర్ గ్రూపు వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది ఉత్తరాంధ్రలోని రాజాం. 2024 అక్టోబరులో క్రికెట్ డైరెక్టర్‌గా నియమితుడైన వేణుగోపాలరావు విశాఖపట్నం వాసి. 2024, 2025 సీజన్లలో ఢిల్లీ తన సొంత మ్యాచ్‌లు రెండేసి చొప్పున విశాఖలో ఆడింది.

కీపర్ విలువ ఏమిటి?

అమెరికా బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడి ఎదుట కూర్చునే క్యాచర్‌ను మైదానంలోని సేనానిగా భావిస్తారు. ఎలాంటి బంతి వేయాలో అతడే సైగ చేస్తాడు. క్రికెట్‌లో అంతటి అధికారం కీపర్‌కు లేకపోయినా, పిచ్ తీరును అందరికంటె దగ్గరగా గమనించేది అతడే. ఎల్బీడబ్ల్యూ, క్యాచ్‌లపై సమీక్ష కోరాలా వద్దా అన్నప్పుడు కెప్టెన్ ముందుగా చూసేది అతని ముఖమే. అక్షర్ పటేల్, కుల్దీప్ యాదవ్ వంటి స్పిన్నర్లపై ఆధారపడే ఢిల్లీకి ఈ అవసరం మరింత ఎక్కువ.

2025 ఏప్రిల్ 10న బెంగళూరులో జరిగిన మ్యాచ్ ఇందుకు నిదర్శనం. 164 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ ఢిల్లీ 58 పరుగులకే 4 వికెట్లు కోల్పోయింది. కేఎల్ రాహుల్ 53 బంతుల్లో 93 పరుగులు చేసి, అజేయంగా నిలిచి గెలిపించాడు. అంతకుముందు 20 ఓవర్లు వికెట్ల వెనుక నిలబడి పిచ్‌ను గమనించడం బ్యాటింగ్‌లో తనకు తోడ్పడిందని మ్యాచ్ అనంతరం అతడు వివరించాడు.

అయితే పరుగులు పట్టికలో కనిపించినంత స్పష్టంగా కీపింగ్ కనిపించదు. పట్టిన క్యాచ్ లెక్కలోకి వస్తుంది. అందకుండా పోయిన స్టంపింగ్ మాత్రం గణాంకాల పట్టికకు ఎక్కదు, అభిమానుల జ్ఞాపకంలోనే మిగులుతుంది. వాదం తెగకపోవడానికి ఇదొక మూలం.

చేజారిన వారి వరుస

ఢిల్లీకి కీపర్ల కొరత ఎన్నడూ లేదు. నిలుపుకోవడమే సమస్య. 2016లో క్వింటన్ డి కాక్, సంజు శాంసన్, శామ్ బిల్లింగ్స్, 18 ఏళ్ల పంత్ నలుగురూ ఒకే జట్టులో ఉన్నారు. వారిలో దీర్ఘకాలం నిలిచింది పంత్ ఒక్కడే. 2018లో అతడు 684 పరుగులు చేశాడు. 2021లో కెప్టెన్ అయ్యాడు. 2022 డిసెంబరు 30న రూర్కీ సమీపంలో జరిగిన కారు ప్రమాదం వల్ల 2023 సీజన్‌కు పూర్తిగా దూరమయ్యాడు.

ఆ ఏడాది ఢిల్లీ గ్లవ్స్ సర్ఫరాజ్ ఖాన్, అభిషేక్ పోరెల్, ఫిల్ సాల్ట్ చేతులు మారాయి. ఆ తరువాత సాల్ట్‌ను ఢిల్లీ వదులుకుంది. 2024లో కోల్‌కతా, 2025లో బెంగళూరు టైటిల్ గెలిచినప్పుడు సాల్ట్ ఆ జట్లలోనే ఉన్నాడు. విశాఖ కీపర్ కేఎస్ భరత్ కథ మరో రకం. 2021లో బెంగళూరు తరఫున ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి ఢిల్లీనే ఓడించిన అతడిని, మరుసటి ఏడాది ఢిల్లీ 2 కోట్ల రూపాయలకు కొన్నది. కానీ ఆడించింది రెండు మ్యాచ్‌లే.

2024 నవంబరులో జెద్దాలో జరిగిన వేలంలో పంత్ ధర 20.75 కోట్లకు చేరినప్పుడు ఢిల్లీ తన 'రైట్ టు మ్యాచ్' హక్కును వినియోగించింది. నిబంధన ప్రకారం లక్నోకు చివరిసారి ధర పెంచే అవకాశం లభించింది. లక్నో 27 కోట్లు పలకడంతో ఢిల్లీ తప్పుకొంది. అదే వేలంలో రాహుల్‌ను 14 కోట్లకు తీసుకుంది.

2025లో రాహుల్ 539 పరుగులు చేయగా, పంత్ 269 పరుగులకే పరిమితమయ్యాడు. ఢిల్లీ నిర్ణయం సరైనదేననే వారికి ఈ అంకెలే ఆధారం. ఎదుటి పక్షం సమాధానం వేరు. రాహుల్ శతకం బాదిన మ్యాచ్‌లోనే గుజరాత్ చేతిలో ఢిల్లీ 10 వికెట్ల తేడాతో ఓడింది. తొలి నాలుగు మ్యాచ్‌లూ గెలిచిన జట్టు చివరకు ఐదో స్థానంలో నిలిచి ప్లేఆఫ్‌కు దూరమైంది. ఒక ఆటగాడి పరుగులు జట్టు విజయానికి కొలమానం కావని వారి వాదన.

బదిలీ ఎలా జరుగుతుంది?

ఐపీఎల్‌లో ఆటగాడిని నగదుకు ఇవ్వవచ్చు, లేదా మరొక ఆటగాడితో మార్చుకోవచ్చు. సీజన్ ముగిశాక తెరుచుకునే బదిలీ గడువు వేలానికి వారం ముందు మూసుకుంటుంది. వేలం తరువాత మళ్లీ కొంతకాలం తెరుస్తారు. ఇందుకు రెండు ఫ్రాంచైజీలు అంగీకరించాలి, బీసీసీఐ ఆమోదించాలి, ఆటగాడి సమ్మతి కూడా ఉండాలి. అమెరికా బేస్‌బాల్‌లో ఒప్పందంలో ప్రత్యేక రక్షణ ఉన్నవారిని, దీర్ఘకాలం ఆడిన కొందరిని మినహాయిస్తే, ఆటగాడిని అడగకుండానే మరో జట్టుకు పంపవచ్చు. ఆ విషయంలో భారత క్రికెటర్ మెరుగైన స్థితిలో ఉన్నాడు.

బదిలీ ఫలితం వెంటనే తేలదు. 2018 చివరలో సన్‌రైజర్స్ హైదరాబాద్ నుంచి శిఖర్ ధావన్‌ను తెచ్చుకునేందుకు ఢిల్లీ ముగ్గురిని ఇచ్చింది. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. ధావన్ వరుసగా మూడు సీజన్లలో 521, 618, 587 పరుగులు చేశాడు. అప్పటికి లాభం ఢిల్లీదే. కానీ ఏళ్లు గడిచాక, 2025 ఏప్రిల్‌లో, అభిషేక్ శర్మ ఉప్పల్‌లో పంజాబ్‌పై 55 బంతుల్లో 141 పరుగులు చేసి హైదరాబాద్‌ను గెలిపించాడు. అదే ఒప్పందాన్ని ఢిల్లీవారు ఇప్పుడు వేరే కళ్లతో చూస్తున్నారు.

2020 సీజన్‌కు ముందు ట్రెంట్ బౌల్ట్‌ను ముంబయికి ఇచ్చిన నిర్ణయానికి మాత్రం తీర్పు త్వరగానే వచ్చింది. ఆ ఏడాది ఫైనల్లో తొలి బంతికే ఢిల్లీ వికెట్ తీసిన బౌల్ట్, మొత్తం మూడు వికెట్లతో ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

2025 నవంబరులో ఢిల్లీ మరో మార్పిడి చేసింది. దక్షిణాఫ్రికా కీపర్, బ్యాటర్ డొనోవాన్ ఫెరీరాను రాజస్థాన్‌కు ఇచ్చి, ఢిల్లీలోనే పుట్టి పెరిగిన నితీశ్ రాణాను 4.2 కోట్లకు తెచ్చుకుంది. ఇంటి బిడ్డ తిరిగివచ్చాడని కొందరు సంతోషించారు. మరో కీపర్ చేజారాడని కొందరు పెదవి విరిచారు.

ఇరు పక్షాల మాటలోనూ కొంత నిజం ఉంది. ఫ్రాంచైజీ తన పర్సులో ఎంత మిగిలిందో చూసుకోక తప్పదు. అభిమాని తన కళ్లముందు ఎదిగిన కుర్రవాడిని ధరతో కొలవలేడు. ఢిల్లీ సోనెట్ క్లబ్‌లో కోచ్ తారక్ సిన్హా వద్ద ఆట నేర్చిన పంత్, ఎదుటి జట్టు జెర్సీలో స్టంపింగ్ జారవిడిచిన ఆ క్షణాన జట్టు గెలిచినందుకు సంతోషించిన ఢిల్లీ అభిమానుల్లో కొందరికైనా మనసు చివుక్కుమని ఉంటుంది.