కారు టాపు మీద బుడిపె

అమెరికాలో డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఉంది. అక్కడ ఒక ఎర్ర రేస్ కారు ఉంది, దాని నంబర్ 1. 1967 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ల మాన్స్‌లో 24 గంటల పందెం గెలిచిన ఫోర్డ్ మార్క్ 4 అది. ముందు నుంచి వెనక దాకా గాలికి ఎక్కడా అడ్డు తగలకూడదన్న ఒకే పట్టుదలతో దాని ఒంటిని తీర్చారు. అంత నున్నటి ఒంటి మీద, కుడివైపు, డ్రైవరు తలకి సరిగ్గా పైన ఒక బుడిపె ఉంటుంది. బోర్లించిన గిన్నెలా కనిపిస్తుంది. డాన్ గర్నీ అనే పొడుగాటి మనిషి హెల్మెట్ పట్టడం కోసం పెట్టిన బుడిపె అది. రేసింగ్ లోకంలో దాన్ని ఇప్పటికీ ‘గర్నీ బబుల్’ అనే అంటారు.

గర్నీ ఎత్తు దాదాపు 6 అడుగుల 4 అంగుళాలు. బాస్కెట్‌బాల్ ఆటగాడికైతే అది వరం. రేస్ డ్రైవరుకి మాత్రం జీవితమంతా వెంటాడే లెక్క. ఫోర్డ్ వాళ్ళు ఫెరారీని ఓడించడానికి తయారుచేసిన కార్ల వరసకి జిటి40 అని పేరొచ్చింది వాటి ఎత్తు వల్లే. నేల నుంచి టాపు దాకా 40 అంగుళాలు, అంటే మీటరు పైన ఒకటిన్నర సెంటీమీటర్లు. గర్నీ అంత మనిషి నిటారుగా కూర్చుంటే సీటు నుంచి నడినెత్తి దాకానే దాదాపు మీటరు ఉంటాడు. దాని మీద హెల్మెట్ మందం మరికొన్ని సెంటీమీటర్లు. కారు కింద ఖాళీ, అడుగు రేకు, సీటు మందం ఇంకా లెక్కలోకే రాలేదు. కూర్చున్న మనిషి కారు మొత్తం కన్నా ఎత్తు!

కారుని కాస్త ఎత్తుగా చేస్తే సరిపోదా? ల మాన్స్‌లో అప్పట్లో దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని రోడ్డు ఉండేది. మార్క్ 4 అక్కడ గంటకి 340 కిలోమీటర్ల దరిదాపుల్లో పరిగెత్తేది. ఆ వేగాల్లో ఇంజన్ శక్తిలో సింహభాగం గాలిని పక్కకి నెట్టడానికే పోతుంది. పైగా దానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకి 300 కిలోమీటర్ల నుంచి 330కి వెళ్ళాలంటే వేగం పెరిగేది పదో వంతే. కావలసిన శక్తి మాత్రం మూడో వంతు పెరుగుతుంది. అందుకే కారు ముందు నుంచి చూస్తే కనిపించే వైశాల్యంలో ప్రతి చదరపు సెంటీమీటరుకీ ఖరీదు కట్టాల్సిందే. మీటరు వెడల్పున్న టాపుని 5 సెంటీమీటర్లు లేపితే 500 చదరపు సెంటీమీటర్లు పెరుగుతుంది. అదే డ్రైవరు తల ఉన్నచోట మాత్రమే, 30 సెంటీమీటర్ల వెడల్పున లేపితే 150కి మించదు. అంచులు గుండ్రంగా జారతాయి కాబట్టి ఇంకా తక్కువే. బుడిపె వెనక ఉన్న గణితం ఇంతే. చూడటానికి అతుకు లాగా ఉన్నా, దానికన్నా పొదుపైన పరిష్కారం నాకు కనబడదు.

ఎత్తుతో పాటు ఇంకో చిక్కు ఉంది. బరువు ఎంత కిందికి ఉంటే కారు మలుపులో అంత నిబ్బరంగా ఉంటుంది. కాబట్టి ఇంజనీర్లు డ్రైవరుని కూడా కిందికి దించాలనే చూస్తారు. దానికి దొరికిన ఉపాయం వెనక్కి వాల్చి పడుకోబెట్టడం. 1962లో కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు లోటస్ 25 అనే ఫార్ములా 1 కారుని తెచ్చినప్పుడు డ్రైవరు దాదాపు పడుకునే నడిపాడు. నడుము నుంచి మెడ దాకా 75 సెంటీమీటర్లు అనుకుందాం. నేలకి 30 డిగ్రీల కోణంలో వాలితే ఆ 75 కాస్తా నిలువులో 37, 38కి దిగుతుంది, అంటే సగానికి. బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ అదే ఒళ్ళు ఇప్పుడు పొడవులో 65 సెంటీమీటర్లు ఆక్రమించింది. నడుము ముందుకి జరిగింది, మోకాళ్ళు స్టీరింగ్ కిందికి వచ్చాయి, పాదాలు ముందు చక్రాల దాకా పోయాయి. ఎత్తులో మిగిలినదాన్ని పొడవులో చెల్లించాలన్నమాట. తలని మాత్రం వాల్చడానికి లేదు, కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. పొట్టి డ్రైవరుకి ఇదంతా సుఖంగా కుదురుతుంది. లోటస్ 25ని నడిపిన జిమ్ క్లార్క్ పెద్ద పొడగరి కాడు.

గర్నీ ఆ రోజుల్లోనే ఫార్ములా 1లో ఉన్నాడు. 1961 నుంచి 1965 దాకా అక్కడ ఇంజన్లు ఒకటిన్నర లీటర్లకి మించకూడదు. చిన్న ఇంజన్లకి తగ్గట్టు కార్లు కూడా సన్నగా, చిన్నగా ఉండేవి. అలాంటి పోర్షే 804లో ఇరుక్కుని కూర్చునే 1962లో ఆయన రువాన్‌లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. పోర్షే సొంత కారుతో గెలిచిన ఫార్ములా 1 ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం ఈనాటికీ అదొక్కటే. టాపు లేని కార్లలో ఆయన తల గాలిలోకి పొడుచుకొచ్చేది. పక్కవాడి హెల్మెట్ అద్దం చాటున దాక్కుంటే ఈయన హెల్మెట్ గాలికి ఎదురు నిలబడేది. ప్రతి తిన్నని రోడ్డు మీదా ఆయన కట్టిన అదనపు సుంకం అది. తోటి డ్రైవర్లతో ఆయన్ని పోల్చేటప్పుడు దీన్ని లెక్కలో వేసుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

1964లో అదృష్టం ఒక పొరపాటు రూపంలో వచ్చింది. కారొల్ షెల్బీ జట్టు కోబ్రా డేటోనా కూపే బాడీలు ఇటలీలో కట్టించుకుంది. అక్కడి పనివాళ్ళు కొలత తప్పి ఒక కారులో డ్రైవరు కూర్చునే భాగాన్ని రెండంగుళాలు ఎక్కువ ఎత్తుగా చేశారు. ఆ రెండంగుళాల పుణ్యమా అని గర్నీ అందులో హాయిగా పట్టాడు. ఆయన, బాబ్ బాండురాంట్ కలిసి ఆ కారుతోనే ఆ ఏడు ల మాన్స్‌లో తమ తరగతి గెలిచి, మొత్తం మీద నాలుగో స్థానంలో వచ్చారు.

మార్క్ 4 కథ అంత తేలిగ్గా మొదలవలేదు. అది పుట్టింది ‘జె-కార్’ అనే ప్రయోగం నుంచి. తేనెపట్టు గదుల్లాంటి అల్యూమినియం రేకులని జిగురుతో అతికించి దాని చట్రం కట్టారు. తేలిక, గట్టిదనం రెండూ కుదిరాయి. కానీ 1966 ఆగస్టు 17న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్ మీద దాన్ని పరీక్షిస్తూ కెన్ మైల్స్ చనిపోయాడు. ఫోర్డ్ కార్లని గెలిచే స్థితికి తెచ్చిన డ్రైవర్లలో ముందు చెప్పుకోవాల్సినవాడు ఆయన. ఆ తర్వాత కారు ఒంటి ఆకారం మార్చారు, లోపల ఉక్కు గొట్టాలతో పంజరం బిగించారు. 1967 ల మాన్స్‌లో రాత్రివేళ మారియో ఆండ్రెట్టి మార్క్ 4 గోడకి కొట్టుకుంటే ఆయన విరిగిన పక్కటెముకలతో బయటపడ్డాడు. పంజరం చేసిన మేలు అది. అయితే ఆ గొట్టాలకీ లోపలే చోటు కావాలి. ముందే ఇరుకైన కాక్‌పిట్, దానికి తోడు పంజరం, అందులో గర్నీ. హెల్మెట్ టాపుకి తగులుతోంది.

ఫోర్డ్ తరఫున ఈ కారుని పందెంలో దింపిన షెల్బీ జట్టులో ఫిల్ రెమింగ్టన్ అని ఒక పనిమంతుడు ఉండేవాడు. రేకు పనిలో, ఇనుప పనిలో ఆయన చెయ్యి పడితే కానిది లేదని పేరు. గర్నీ తలకి చోటిచ్చే బుడిపెని చేసింది ఆయనే. సమస్యకి కొలత తీసుకుని, సమస్య ఉన్నంత మేరకే చెయ్యి పెట్టి, మిగతా కారుని ముట్టుకోకుండా వదిలిన పని అది. తలని ఒక పక్కకి వంచుకుని నడపమని ఆ మనిషికి చెప్పవచ్చు. కానీ ఇది 24 గంటల పందెం. మెడ వంచుకుని గంటల తరబడి 340 మీద పోతూ, కుదుపు కుదుపుకీ హెల్మెట్ టాపుకి కొట్టుకుంటుంటే చూపు, నిర్ణయం రెండూ చెడతాయి. గాలికి కొంచెం చెల్లించి ఆ మెడని నిటారుగా ఉంచడమే లాభమని ఆ జట్టు లెక్క వేసుకుంది.

గర్నీకి జోడీ ఎ.జె. ఫోయ్ట్. అప్పటికి పది రోజుల కిందటే ఇండియానాపోలిస్ 500 గెలిచి వచ్చాడు. ఇద్దరూ దూకుడు మనుషులే కదా, కారుని విరగ్గొట్టేస్తారని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. ఏడు లీటర్ల ఇంజన్ మోసే కారుకి బ్రేకులే బలహీనత. అందుకని గర్నీ తిన్నని రోడ్డు చివర మలుపు రావడానికి చాలా ముందే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసేవాడు. గాలే కారుని నెమ్మదింపజేసేది, ఆ తర్వాతే బ్రేకు మీద కాలు పెట్టేవాడు. పందెమంతా తను పోరాడిన గాలినే పనికి పెట్టుకోవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 388 ల్యాపులు, 5,232 కిలోమీటర్లు, సగటు వేగం గంటకి 218. ల మాన్స్‌లో 5,000 కిలోమీటర్లు దాటడం అదే మొదలు. విజయవేదిక మీద గర్నీ షాంపేన్ సీసాని ఊపి చుట్టూ ఉన్నవాళ్ళ మీద చిమ్మాడు. ఆ అలవాటు అక్కడి నుంచే పాకింది.

రెండో స్థానంలో వచ్చిన ఫెరారీలో మైక్ పార్క్స్ ఉన్నాడు. ఇంజనీరు, డ్రైవరు రెండూ అయిన ఈ ఇంగ్లీషువాడు కూడా గర్నీ అంత పొడుగు. అంతకుముందు ఏడాది ఫెరారీ ఆయన కోసం ఫార్ములా 1 కారు చట్రాన్నే పొడవు చేయించింది. ల మాన్స్ రాత్రి ఆయన గర్నీ వెనకే తగులుకుని లైట్లు కొడుతూ రెచ్చగొట్టాడు. గర్నీ ఆర్నాజ్ మలుపు దగ్గర కారుని పక్కకి తీసి ఆపేశాడు. పార్క్స్ కూడా వెనకే ఆగాడు. పందెం మధ్యలో ఇద్దరు పొడగరులు చీకట్లో కార్లు ఆపుకుని కూర్చున్నారు! కాసేపటికి పార్క్స్ విసిగి వెళ్ళిపోయాడు, గర్నీ తన లెక్క ప్రకారం మళ్ళీ బయల్దేరాడు.

సరిగ్గా వారం తిరిగేసరికి, జూన్ 18న బెల్జియంలోని స్పాలో గర్నీ మళ్ళీ గెలిచాడు. ఈసారి సొంత కారు, ఈగల్. కాలిఫోర్నియాలో తన కంపెనీలో కట్టింది. ఇంకొకరి కొలతల్లోకి ఒదగాల్సిన అగత్యం అందులో లేదు. పార్క్స్‌కి మాత్రం అదే పందెం మొదటి ల్యాపులో ఘోర ప్రమాదం జరిగి కాళ్ళు విరిగాయి. ఆయన ఫార్ములా 1 జీవితం అక్కడితో ముగిసింది.

ఆ తర్వాతి కార్లలో బుడిపెలకి చోటు తగ్గి, నియమాలకి పెరిగింది. 1988 నుంచి ఫార్ములా 1లో డ్రైవరు పాదాలు ముందు ఇరుసుకి వెనకే ఉండాలన్నారు. ఎదురుదెబ్బల్లో ఎందరి కాళ్ళో నలిగాక వచ్చిన మంచి నియమం. కానీ వీపు వెనక పెట్రోలు ట్యాంకు, పాదాల ముందు ఇరుసు. పొడుగాటి కాళ్ళకి ఇప్పుడు రెండువైపులా గోడే. 2002లో మినార్డీ జట్టు తమ డ్రైవరు బదులు జస్టిన్ విల్సన్‌ని కూర్చోబెడదామనుకుంది. ఆరడుగుల నాలుగంగుళాల విల్సన్ ఆ కాక్‌పిట్‌లో పట్టలేదు, సీటు ఆంథొనీ డేవిడ్‌సన్‌కి పోయింది. మరుసటి ఏడు విల్సన్ అదే జట్టులో చేరాడు. మలేషియా పందెంలో మెడని కాపాడే హ్యాన్స్ పరికరం స్థానం తప్పి భుజాల దగ్గర నరాలు నొక్కుకుపోయాయి. చేతుల్లో పట్టు పోయి పందెం మధ్యలో ఆపేశాడు.

ఎత్తుతో పాటు వచ్చే బరువు ఇంకో శిక్ష. 1995 నుంచి కనీస బరువుని డ్రైవరుతో కలిపి లెక్కిస్తున్నారు. తేలికపాటి డ్రైవరుంటే మిగిలిన కిలోలని దిమ్మెలుగా చేసి కారు అడుగున, కావలసిన చోట బిగించుకునేవారు. బరువైన డ్రైవరు ఉన్న జట్టుకి ఆ వీలు ఉండేది కాదు. పొడుగువాళ్ళు కడుపు మాడ్చుకుని సన్నబడటం మొదలుపెట్టారు. 2019లో దీనికి మందు దొరికింది. డ్రైవరు, సీటు కలిపి 80 కిలోలకి తగ్గకూడదు, తగ్గితే ఆ తేడాని దిమ్మెలతో సీటు దగ్గరే నింపాలి, ఇంకెక్కడా పెట్టకూడదు. 2025లో దాన్ని 82 చేశారు. దాదాపు 1.86 మీటర్ల ఎత్తున్న అలెక్స్ ఆల్బన్, ఎస్టెబన్ ఓకాన్ ఇప్పుడు కడుపు నిండా తిని కారెక్కవచ్చు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం వాళ్ళ జట్ల ఇంజనీర్లు ఇప్పటికీ ప్రతి కొత్త కారు బొమ్మ గీసేటప్పుడూ తేల్చుకోవాల్సిన లెక్కే.