ఆసుపత్రికీ ఒక ఇల్లాలు కావాలి



కొన్నేళ్ళ క్రితం మా ఆడపడుచుకి అర్ధరాత్రి ఆయాసం వస్తే దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారు ఉన్నారు, నర్సమ్మ ఉంది, ఆక్సిజన్ సిలిండరూ ఉంది. కాని ఆ సిలిండరు తిప్పే చెవి ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలీదు! వెతికి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. భగవంతుడి దయవల్ల ఆవిడ గట్టెక్కింది. ఆ రాత్రి లోపం వైద్యంలో లేదు, నిర్వహణలో ఉంది.

ఆసుపత్రి అంటే డాక్టరే అనుకుంటాం మనం. మందులు నిండుకోకముందే తెప్పించడం, జనరేటరులో డీజిలు చూడడం, దుప్పట్లు ఉతికించడం, సిబ్బందికి డ్యూటీలు వెయ్యడం, జమాఖర్చులు రాయించడం - ఇవన్నీ ఎవరు చూడాలి? సాధారణంగా సీనియర్ డాక్టరుగారినే సూపరింటెండెంటును చేస్తారు. ఆపరేషన్లు చెయ్యడం ఆయన ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. స్టోరురూము నడపడం ఆయనకి ఎవరు నేర్పారు? సంగీతం బాగా పాడుతుంది కదా అని కొత్తకోడలికి పెళ్ళివంట అప్పగించినట్టుంటుంది.

ఈ చిక్కు చాలా దేశాల్లో ఉంది. ఆఫ్రికాలోని ఇథియోపియా వారు దీనికి ఒక దారి వెతికారు. 2006లో అక్కడి ఆరోగ్యశాఖ, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, క్లింటన్ సంస్థ కలిసి ప్రభుత్వ ఆసుపత్రుల నిర్వహణ బాగుచేసే పని మొదలుపెట్టాయి. 2008లో జిమ్మా విశ్వవిద్యాలయంలో ఇందుకోసం రెండేళ్ళ చదువు పెట్టారు. విద్యార్థులెవరనుకున్నారు? ఆసుపత్రులు నడుపుతున్న అధికారులే! కొద్దివారాలు తరగతిలో కూర్చుంటారు. తరువాత తమ ఆసుపత్రికి వెళ్ళి, నేర్చుకున్నది అక్కడే చేసి చూస్తారు. ఈత పుస్తకం చదివితే రాదు కదా, నీళ్ళలో దిగాలి.

ఇటువంటి శిక్షణల్లో నేర్పేవి వింటే మనకు కొత్తగా అనిపించవు. గడువు ముందు ముగిసే మందును ముందు వాడాలి. పాత బియ్యం అయ్యాకే కదా మనం కొత్త బస్తా విప్పుతాం! నెలకి ఎంత ఖర్చవుతుంది, తెప్పిస్తే ఎన్నాళ్ళకొస్తుంది అని లెక్కవేసి, సరుకు ఆ మట్టానికి దిగగానే కబురు పెట్టాలి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. చల్లదనం మంచిదే కదా అని గడ్డకట్టిస్తే కొన్ని టీకాలు పనికిరాకుండా పోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు జరిగితే ‘ఎవరు చేశారు?’ అని కేకలెయ్యకుండా ‘ఎందుకు జరిగింది?’ అని అడగడం. సిలిండరు చెవిని గొలుసుతో సిలిండరుకే కట్టి ఉంచితే, ఆ రాత్రి మాకా గండం వచ్చేదా చెప్పండి?

మన దేశంలోనూ ఢిల్లీ ఎయిమ్స్‌లో 1966లోనే ఆసుపత్రి నిర్వహణ చదువు మొదలైంది. 2015లో వచ్చిన కాయకల్ప పథకం శుభ్రతకి మార్కులువేసి ఆసుపత్రులకి బహుమతులిస్తోంది. సంతోషమే. కాని పనిలో ఉన్న ప్రతి చిన్న ఆసుపత్రి పెద్దకీ ఈ విద్య అందాలి.

ఇంటి నిర్వహణని పనిగా ఎవరూ లెక్కపెట్టరని మనం బాధపడతాం. ఆసుపత్రిలోనూ అంతే, సాగినన్నాళ్ళు కనపడదు, ఆగిననాడు ప్రాణం మీదికొస్తుంది. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు ఉన్నారా అనే కాదు, ‘ఇక్కడి వ్యవహారం చూసేదెవరండీ?’ అని కూడా మర్యాదగా అడగండి. అడిగేవాళ్ళుంటేనే చూసేవాళ్ళుంటారు.

సెలవు.