కారం పొట్లంపై మిరపకాయ బొమ్మ చాలదు!

‘అరకిలో కారం ఇవ్వండి.’

‘ఏ మార్కు?’

కిరాణా కొట్లో రోజూ వినిపించే మాటలే ఇవి. అయితే ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఒక చిన్న వ్యాపారం బతుకు ఆధారపడి ఉంటుంది. ‘అదే, ఆ ఎర్ర పొట్లం’ అంటే కొట్టు యజమాని చేతికందిన ఎర్ర పొట్లం తీసి ఇస్తాడు. పేరో, బొమ్మో కొనేవారి నోట పలికితేనే తయారు చేసినవారి శ్రమ ఫలిస్తుంది.

ఆసియాలోని పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటైన గుంటూరు యార్డు చుట్టుపక్కల కారం పట్టించి పొట్లాలు కట్టి అమ్మే చిన్న వ్యాపారులకు, మహిళా సంఘాలకు కొదవ లేదు. సరుకులో లోపం లేకపోయినా గుర్తు దగ్గరే చాలామంది తడబడతారు. ఎర్ర రంగు కవరు, మధ్యలో రెండు మిరపకాయలు, పైన గుంటూరు పేరు. పక్క పొట్లంపైనా అవే! గుర్తు అనేది తేడా చూపాలి గానీ లోపలి సరుకేమిటో చెప్పడానికి కాదు.

ఎవరి సొత్తూ కానివి

1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం చెప్పేదీ ఇదే. సరుకు రకాన్ని, గుణాన్ని, పుట్టిన ఊరిని మాత్రమే తెలిపే పదాలను సాధారణంగా ఒకరి పేర నమోదు చేయరు. ‘గుంటూరు సన్నం’ మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఆ ప్రాంతపు ఉమ్మడి హక్కు. ఏ ఒక్క వ్యాపారీ దాన్ని సొంత మార్కు చేసుకోలేడు.

దేవుళ్ల పేర్లు, పవిత్ర గ్రంథాల పేర్లు పెట్టుకోవడం మన వ్యాపారులకు ఆనవాయితీ. భక్తి మంచిదే గానీ ఆ పేరు మరొకరు పెట్టుకుంటే అడ్డుకోవడం కష్టం. అగరువత్తులకు వాడిన ‘రామాయణ్’ పేరుపై 2015లో తీర్పు ఇస్తూ, పవిత్ర గ్రంథం పేరును ఒకరు తమ సొంత మార్కుగా చెప్పుకోరాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఏ రకం ఎవరికి?

లోగోల్లో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. పేరునే ప్రత్యేకమైన అక్షరాల్లో రాయడం ఒకటి. బాటా బోర్డు ఇందుకు ఉదాహరణ. పేరు చిన్నదై, కొత్తగా ఉంటే ఇది చాలు. పొడి అక్షరాలు రెండో రకం. ఎల్.ఐ.సి. అనగానే అందరికీ అర్థమవుతుందంటే దశాబ్దాలుగా జనం నోట నానడమే కారణం. నిన్న మొన్న మొదలైన వ్యాపారానికి మూడు పొడి అక్షరాలు పెడితే ఎవరికీ గుర్తుండవు.

మూడోది గీతలతో గీసిన గుర్తు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1971లో రూపొందిన స్టేట్ బ్యాంకు గుర్తు ఇలాంటిదే. ఒకే రంగులో గుండ్రంగా ఉండే ఆ గుర్తు పాసుపుస్తకంపైనా, పెద్ద బోర్డుపైనా ఒకేలా తెలుస్తుంది. కాకపోతే దాన్ని ఊరూరా చూపించే బలం చిన్న వ్యాపారికి ఉండదు.

నాలుగోది మనిషి, జంతువు వంటి బొమ్మ. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో ఏషియన్ పెయింట్స్‌కు గీసిన ‘గట్టు’ అనే పిల్లవాడు దశాబ్దాలపాటు ఆ రంగుల డబ్బాలకు గుర్తుగా నిలిచాడు. చదువు రానివారు కూడా బొమ్మ చెప్పి సరుకు అడగగలరు. అందుకే కారం, పచ్చళ్లు, పిండివంటలు అమ్మే చిన్నవారికి పేరూ బొమ్మా కలిసిన మార్కే మేలు. అయితే ఆ బొమ్మకు సరుకుతో నేరుగా సంబంధం ఉండకపోవడం మంచిది. కారానికి మిరపకాయ కంటే పిచ్చుకో, గంటో ఎక్కువ గుర్తుంటుంది.

పోలిక తెచ్చే ముప్పు

పేరున్న పొట్లాన్ని పోలినట్లు వేయిస్తే అమ్మకం పెరుగుతుందనుకోవడం ప్రమాదం. పార్లే బిస్కెట్ల కాగితంపై బిందె పట్టుకున్న అమ్మాయి, ఆవులు, కోళ్లు ఉండేవి. మైసూరుకు చెందిన మరో సంస్థ గడ్డిమోపు ఎత్తుకున్న అమ్మాయి, ఆవు, కోళ్లతో కాగితం వేయించింది. పేరు వేరు, బొమ్మలో తేడాలున్నాయి. అయినా 1972లో సుప్రీంకోర్టు పార్లే పక్షాన తీర్పు చెప్పింది. కొనేవారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడరు, మొత్తం మీద కనిపించే పోలికే ముఖ్యం అన్నది ఆ తీర్పు సారాంశం.

అచ్చుకు ముందే

రంగుల కవర్లు గ్రేవ్యూర్ పద్ధతిలో అచ్చు వేయించాలంటే ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చేయించాలి. తర్వాత నోటీసు వస్తే సిలిండర్లూ, నిల్వ ఉన్న కవర్లూ పనికిరాకుండా పోతాయి. అందుకే ముందుగా ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో అలాంటి పేరు, బొమ్మ ఉన్నాయేమో ఉచితంగా వెతుక్కోవాలి. కారం, మసాలాలు 30వ తరగతి కిందికి వస్తాయి. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తులు, చిన్న పరిశ్రమలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆపై పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే వలయంలో ‘ఆర్’ అక్షరం వేయడం చట్టవిరుద్ధం. అంతవరకు ‘టి.ఎం.’ అని వేసుకోవచ్చు. బొమ్మ గీసిన ఆర్టిస్టు నుంచి హక్కుల కాగితం రాయించుకోవడమూ మరువరాదు.

ఖర్చు లేని పరీక్ష మరొకటుంది. గీసిన గుర్తును నలుపు తెలుపుల్లో రబ్బరు స్టాంపు అంత చిన్నది చేసి ఇరుగు పొరుగు వారికి ఒక్కసారి చూపించాలి. మర్నాడు ‘నిన్న చూసిన మార్కు ఏమిటి?’ అని అడగాలి. ఠక్కున చెప్పగలిగితే అచ్చుకు ఇవ్వవచ్చు. ‘ఏదో మిరపకాయ బొమ్మ’ అంటే మాత్రం మళ్లీ ఆలోచించాల్సిందే.