ఇంగ్లీషులో పెద్ద మాటలు: ఎన్ని, ఏవి, ఎలా

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. ప్రస్తుతం వాడుకలో ఉన్నవిగా అందులో సుమారు 1,71,000 మాటలు లెక్కతేలాయి. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుతూ పెరిగినవాళ్లకైనా వీటిలో చాలా భాగం తెలియదు, తెలియనవసరమూ లేదు. మాటలన్నీ ఒకే తీరున పనిచేయవు మరి. ఇంగ్లీషు రాతలో ప్రతి వంద మాటల్లో ఆరేడు ‘ది’ అనే ఒక్క మాటే ఆక్రమిస్తుంది. ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’లో ఉన్నవి దాదాపు 2,000 మాటలు. మామూలు రాతలో నూటికి ఎనభై పాళ్లు అవే కనిపిస్తాయి.

చిక్కంతా మిగతా ఇరవై పాళ్లతోనే. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం నిఘంటువు పక్కన పెట్టుకోకుండా నవలో, వార్తాపత్రికో చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు తెలిసి ఉండాలి. హ్యాపీ, అన్‌హ్యాపీ, హ్యాపీనెస్, హ్యాపిలీ అన్నీ కలిపి ఒక కుటుంబం కింద లెక్క. ఈ అంచనా వెనక ఇంకో కొలత ఉంది: పేజీలో నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసినప్పుడే చదువు సాఫీగా సాగుతుంది. అంటే యాభై మాటలకు ఒకటి తెలియకపోయినా నెట్టుకురావచ్చు. అయిదు వందల మాటల సంపాదకీయంలో తెలియనివి పది దాకా ఉంటే సందర్భాన్నిబట్టి ఊహించుకోవచ్చు. నలభై ఉంటే మాత్రం అది చదవడం కాదు, తవ్వుకోవడం. ఉన్నత పదసంపద అని పిలిచేదంతా వెస్ట్ జాబితాలోని ఆ రెండు వేలకూ ఈ తొమ్మిది వేలకూ మధ్యనున్న మేర. అక్కడి మాటలతో వచ్చిన పేచీ ఏమిటంటే అవి అరుదుగా తగులుతాయి. ఇవాళ ఎదురైన మాట మళ్లీ నెల రోజులకు గానీ కనిపించదు, ఈలోగా మరుపున పడుతుంది.

ఈ మేరలో ముందు ఎటు అడుగు వేయాలో కూడా ఒకరు లెక్కకట్టారు. అవెరిల్ కాక్స్‌హెడ్ 35 లక్షల మాటల విద్యా సంబంధ రచనలను జల్లెడ పట్టి, 2000 సంవత్సరంలో 570 కుటుంబాలతో ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ తెచ్చారు. పాఠ్యగ్రంథాల్లో, పరిశోధన వ్యాసాల్లో నూటికి పది మాటలు ఇవేనని తేలింది. సిగ్నిఫికెంట్, డిరైవ్, ఇన్‌ఫర్, అలొకేట్, హైపాథిసిస్ లాంటివి. ఇవి చూపులకు గొప్పగా ఉండవు, అందుకే చాలామంది దాటేసి పోతారు. ఇన్‌ఫర్ అంటే ఏమిటో తేల్చుకోకుండా నోరు తిరగని మాటలు వల్లెవేయడం వృథా శ్రమ.

పెద్ద మాటలు ఇంగ్లీషులోకి ఎలా వచ్చాయో తెలిస్తే వాటి నడత కూడా తెలుస్తుంది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక దర్బారులో, న్యాయస్థానంలో, భోజనాల బల్ల దగ్గర ఫ్రెంచి మాటలు చేరాయి. ఆ తర్వాత పండితులు లాటిన్, గ్రీకుల నుంచి నేరుగా తెచ్చుకున్నారు. అందువల్ల ఒకే పనికి మూడంతస్తుల మాటలు దొరుకుతాయి. ఆస్క్ నాటు మాట, క్వశ్చన్ ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్ పండితుల సరుకు. పిల్లవాడు అమ్మను ఆస్క్ చేస్తాడు, ఇంటరాగేట్ చేసేది పోలీసు. తెలుగువాళ్లకు ఈ అంతస్తుల సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. నీళ్లు, జలం, ఉదకం మూడూ ఒకటే అయినా, ఎండనపడి వచ్చిన చుట్టాన్ని “ఉదకం కావాలా?” అని ఎవరూ అడగరు. చేతిలో ఉన్న ఈ వివేకాన్ని ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి వదిలేయడమే విచిత్రం. సెలవు చీటీలో కూడా బిగిన్ ఉండాల్సిన చోట కమెన్స్, ఎండ్ ఉండాల్సిన చోట టెర్మినేట్ పడిపోతుంటాయి.

తెలుగు చదివినవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభ్యుల ముందు, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రకటించాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లోనే మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ చూపించాడు. అయితే తెలుగులో తత్సమాలు కొల్లలు కాబట్టి లాటిన్, గ్రీకు ధాతువుల చుట్టాలు మన నోట నానుతూనే ఉన్నాయి. డెంటిస్టులో ఉన్నది దంతం, పెడెస్ట్రియన్‌లో ఉన్నది పాదం. ఇగ్నైట్‌లో అగ్ని, జువెనైల్‌లో యువ, ఇన్నొవేట్‌లో నవ, మోర్టల్‌లో మృతి, జెనెసిస్‌లో జన్మ, ఫ్రాటర్నల్‌లో భ్రాత, సర్పెంట్‌లో సర్పం. మెంటల్ కూడా మనసుకు బంధువే, తెలుగులో తిట్టయి కూర్చున్నా సరే.

వాక్కు సంగతే తీసుకోండి. లాటిన్‌లో దాని తోబుట్టువు ‘వోక్’. గొంతుకు సంబంధించినది వోకల్. మనిషిని పిలిచి మరీ పెట్టే పని వొకేషన్. ఒకరి పక్షాన మాట్లాడటానికి పిలిపించుకున్నవాడు అడ్వొకేట్. ఇచ్చిన అనుమతిని వెనక్కి పిలిచేది రివోక్, కోపాన్ని ముందుకు పిలిచేది ప్రొవోక్, లోపలున్న జ్ఞాపకాన్ని బయటికి పిలిచేది ఇవోక్. ఈక్వివోకల్‌లో ‘ఈక్వి’ అంటే సమం, రెండు పక్కలా సమానంగా పలికే మాట, ఎటూ తేల్చని మాట. దానికి ముందు ‘అన్’ చేరిస్తే కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం. ఒక ధాతువు దగ్గర పావుగంట గడిపితే ఏడెనిమిది మాటలు ఒక్క పేగుతో వస్తాయి. మన రైల్వే స్టేషను పుస్తకాల దుకాణాల్లో కూడా కనిపించే నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ 1949 నుంచి ఇంతకాలం నిలిచింది ఈ పద్ధతి వల్లనే.

చుట్టరికం కలిపే ఉత్సాహంలో బోల్తా పడే చోట్లూ ఉన్నాయి. థియాలజీలోని గ్రీకు ‘థియో’, మన ‘దేవ’ ఒకేలా వినిపించినా వాటికి సంబంధం లేదు, దేవుడికి చుట్టం డివైన్. మాన్యువల్ లాటిన్‌లోని చేతి నుంచి వచ్చింది, మనసు నుంచి కాదు. పైగా పుట్టుక తెలిసినంత మాత్రాన నేటి అర్థం తెలిసినట్టు కాదు. నైస్ అనే మాట ‘ఏమీ తెలియనివాడు’ అనే లాటిన్ మాట నుంచి దిగింది!

ఇక పర్యాయపదాల పట్టికల వల్ల జరిగే నష్టం ఎక్కువ. థ్రిఫ్టీ, ఫ్రూగల్, స్టింజీ, పార్సిమోనియస్ నాలుగింటికీ ఎదురుగా ‘పొదుపు’ అని ఒక్క అర్థం రాసి కంఠస్థం చేయిస్తారు. థ్రిఫ్టీ మెచ్చుకోలు: డబ్బును తెలివిగా వాడే మనిషి. ఫ్రూగల్ కూడా నిందేమీ కాదు, ఆడంబరం లేకుండా కొద్దిపాటితో సరిపెట్టుకోవడం, అందుకే ఫ్రూగల్ మీల్ అంటారు. స్టింజీ దగ్గర నింద మొదలవుతుంది. పార్సిమోనియస్ అంటే ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు. కానీ అదే మాటను శాస్త్రవేత్త ఒక సిద్ధాంతానికి వాడితే పొగడ్త, తక్కువ ఊహలతో ఎక్కువ సంగతులు వివరించిందని.

ఈ తేడాలు రెండు భాషల చిన్న నిఘంటువులో దొరకవు. జపానులో ఇంగ్లీషు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ అక్కడి విద్యార్థుల కోసం తయారుచేసి 1942లో వెలువరించిన నిఘంటువే తర్వాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయింది. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం తెచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి అర్థాన్నీ పూర్తి వాక్యంలో పెట్టి చెప్పింది. మాట ఏ మాటల పక్కన కూర్చుంటుందో ఆ వాక్యమే చూపిస్తుంది.

తెలుగువాళ్ల ఇంగ్లీషు ఎక్కువగా జారేది ఈ జతల దగ్గరే. తెలుగులో పొరపాటు ‘చేస్తాం’, హోంవర్కు ‘చేస్తాం’. ఇంగ్లీషులో పొరపాటుకు మేక్, హోంవర్కుకు డూ. మనం అబద్ధం ‘ఆడతాం’, వాళ్లు టెల్ చేస్తారు. వానకు హెవీ, టీకి స్ట్రాంగ్, కంప్యూటరుకు పవర్‌ఫుల్. వీటికి కారణం అడిగితే జవాబు ఉండదు, వాడుక అంతే. పెద్ద మాటలకూ ఇదే తంతు. మిటిగేట్, అలీవియేట్ రెండింటికీ తీవ్రత తగ్గించడం అనే అర్థం. అయినా పత్రికలో రిస్క్, ఇంపాక్ట్ ఉన్నచోట మిటిగేట్, పెయిన్, పావర్టీ ఉన్నచోట అలీవియేట్ ఎక్కువగా వస్తాయి. రెండో దాని లోపలున్న ‘లెవిస్’ మన లఘువుకు చుట్టం, బరువు తగ్గించడమని గుర్తుంచుకోవచ్చు.

గుర్తు విషయానికొస్తే, హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలను తానే కంఠస్థం చేసి, మళ్లీ నేర్చుకోవడానికి పట్టే శ్రమతో మరుపును కొలిచి 1885లో ప్రకటించాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా జారిపోయింది, ఆ తర్వాత జారుడు మందగించింది. కాబట్టి మొదటి పునశ్చరణ త్వరగా, తర్వాతవి ఎడంగా ఉండాలి. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో దీన్ని అట్టపెట్టె పద్ధతిగా మలిచాడు. జవాబు వచ్చిన కార్డు తర్వాతి అరలోకి వెళ్లి కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది, రానిది మొదటి అరలోకి వచ్చి రేపే ఎదురవుతుంది. 2006లో వచ్చిన ఆంకీ అనే యాప్ ఈ ఎడాలను తానే లెక్కగడుతుంది. కార్డు తిప్పి చదవడం కాదు, చూడకుండా జవాబు తెచ్చుకోవడమే ఇందులో అసలు పని. అదే ఏడాది అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ జరిపిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ నిలిచింది. కార్డు ముందు వైపు చదివిన వాక్యమే ఖాళీతో రాసి, వెనక మాటనూ దాని రెండు జతలనూ ఉంచితే చాలు. తెలుగు అర్థం మూలన చిన్నగా ఉన్నా నష్టం లేదు.

విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం బ్యారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితాను ఆసాంతం వల్లెవేసిన తరాలు హైదరాబాదులో ఉన్నాయి. 2011 ఆగస్టులో ఆ పరీక్ష వ్యతిరేకార్థాలు, పోలికల ప్రశ్నలను తీసేసి, వాక్యంలో ఖాళీలు పూరించే ప్రశ్నలకు మళ్లింది. అక్కడ ఒంటరి అర్థం అక్కరకు రాదు.

కంటితో నేర్చిన మాట నోటికి వచ్చేసరికి ఇంకో ఇబ్బంది. తెలుగులో రాసినట్టే చదువుతాం, ఇంగ్లీషులో అది కుదరదు. ఎపిటోమ్ కాదు ఎపిటమీ, హైపర్‌బోల్ కాదు హైపర్బలీ, డెబ్రిస్ కాదు డెబ్రీ. ఫొటోగ్రాఫ్‌లో ఊనిక మొదటి అక్షరం మీద, ఫొటాగ్రఫీలో రెండోదాని మీద. ఆన్‌లైన్ నిఘంటువుల్లో పలికి వినిపించే గుర్తు నొక్కడానికి రెండు క్షణాలు పట్టదు.

చదివితే తెలిసే మాటలకన్నా, రాస్తున్నప్పుడు చేతికి వచ్చే మాటలు ఎవరికైనా తక్కువే ఉంటాయి. మొదటివి రెండో కోవలోకి రావడానికి ఒక పాత పద్ధతి ఉంది. పోటీ పరీక్షలవాళ్లు ఎలాగూ ఇంగ్లీషు సంపాదకీయాలు చదువుతారు. ఒకటి చదివి, మూసేసి, సారాంశాన్ని అయిదారు వాక్యాల్లో రాసి, మళ్లీ మూలంతో పోల్చి చూడాలి. తాము పదకొండు మాటల్లో సాగదీసినదాన్ని రచయిత ఏ ఒక్క మాటతో తేల్చేశాడో అక్కడ కనిపిస్తుంది, ఆ మాట కార్డు మీదికి ఎక్కుతుంది. తాము యుటిలైజ్ అని రాసినచోట రచయిత యూజ్‌తో సరిపెట్టి ఉంటే, తమ రాతలోనూ దాన్ని కొట్టేసి యూజ్ అనే దిద్దుకోవాలి.