నేలకు పచ్చని దుప్పటి

పెద్ద వాన వెలిశాక మీ బడి గోడ అడుగుభాగాన్ని ఎప్పుడైనా గమనించారా? అడుగు, రెండడుగుల ఎత్తు వరకు మట్టి మరకలు కనిపిస్తాయి. ఆ మట్టి అంత ఎత్తుకు ఎలా ఎక్కింది?

పెద్ద వానచినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఆ దెబ్బకు మట్టిగడ్డలు చితికి, రేణువులు పైకి చిమ్ముతాయి. సన్నని రేణువులు నేలలోని రంధ్రాలను పూడ్చివేస్తాయి. అప్పుడు నీరు లోపలికి ఇంకక, మట్టిని వెంటబెట్టుకొని పల్లానికి పారిపోతుంది. ఒక్క అంగుళం మట్టి తయారు కావడానికి ప్రకృతికి వందల ఏళ్ళు పడుతుంది. అది కొట్టుకుపోతే మనం తిరిగి తేలేము.

చెట్లు ఉంటే చాలదా అని మీరు అడగవచ్చు. ఎత్తయిన చెట్టు ఆకుల నుండి జారే చినుకు కిందికి వచ్చేలోగా మళ్ళీ వేగం పుంజుకుంటుంది. నేలకు దగ్గరగా ఉన్న ఆకుల నుండి జారే చినుకుకు ఆ అవకాశం లేదు. అందుకే నేలను కప్పే పొట్టి పొదలు అవసరం.

అటువంటి వాటిలో పాకుడు లాంటానా ఒకటి. దీని స్వస్థలం దక్షిణ అమెరికా. ఉరుగ్వే రాజధాని మాంటివిడియో పేరు మీదుగా దీనికి లాంటానా మాంటివిడెన్సిస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఒకటి రెండు అడుగుల ఎత్తు పెరిగి, పక్కలకు పాకుతుంది. ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తాయి. ఇది సతతహరితం. అంటే ఆకులు రాలవని కాదు, అన్నీ ఒకేసారి రాలవని అర్థం. కొమ్మలు నేలను తాకినచోట కణుపుల వద్ద వేళ్ళు పుట్టి మట్టిని పట్టి ఉంచుతాయి.

తొలకరిలో నాలుగైదు అంగుళాల కొమ్మ ముక్కలను, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు నాటండి. వేళ్ళు పట్టాక, ఎండ బాగా తగిలే వాలులో రెండడుగుల ఎడంగా పెట్టండి. నీరు నిలిచేచోట పనికిరాదు. నేల కప్పుకొనేవరకు కలుపు తీస్తూ నీరు పోయాలి. తరువాత పెద్దగా శ్రమ ఉండదు.

అయితే ఒక హెచ్చరిక. మన పొలంగట్ల మీద పెరిగే తలంబ్రాల మొక్క దీనికి దాయాదే. 19వ శతాబ్దం తొలినాళ్ళలో అందం కోసం మన దేశానికి తెచ్చారు. పక్షులు పండ్లు తిని గింజలు వెదజల్లగా అది అడవులను ఆక్రమించింది. దాని ఆకులు పశువులకు విషం. పాకుడు లాంటానా సైతం ఆస్ట్రేలియాలో తోటలు దాటి కలుపుగా మారింది. కాబట్టి దీనిని ప్రహరీ లోపలే పెంచండి. కాయలు కనబడితే తుంచివేయండి. కత్తిరించిన కొమ్మలను బయట పారవేయక, బాగా ఎండబెట్టండి.

ఈసారి వానకు ముందు రెండు తెల్లని అట్టముక్కలు తీసుకోండి. ఒకటి ఖాళీ నేలలో, మరొకటి పొదల నడుమ నిలబెట్టండి. వాన వెలిశాక వాటిపై పడిన మట్టి మరకలను లెక్కించి పోల్చండి. దుప్పటి అవసరం మనకే కాదు, నేలకూ ఉందని మీకే తెలుస్తుంది.