ఆల్ఫా 25 పక్కన ఆ ‘బి’ ఎందుకు? జీతాల్లేని గేమ్ టీమ్‌లో బగ్స్ ఎవరు పట్టాలి?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్లకి ‘0 ఏ.డి.’ పేరు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. పైసా ఖర్చు లేదు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. రోమన్లు, స్పార్టన్లతో పాటు మన మౌర్యులు కూడా ఏనుగులతో యుద్ధానికి దిగుతారు. వైల్డ్‌ఫైర్ గేమ్స్ అనే పేరు వింటే ఏదో పెద్ద కంపెనీ అనిపిస్తుంది కానీ, ఖాళీ టైమ్‌లో పనిచేసే వాలంటీర్ల టీమ్ అది. 2009లో కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్ చేసేశారు.

దీని పాత రిలీజ్‌ల లిస్ట్‌లో ఒక విషయం గమనించారా? 23బి, 24బి, 25బి. వరుసగా మూడు ఆల్ఫాలకి రిలీజ్ అయ్యాక మళ్లీ రిపేర్ చేసి వదలాల్సి వచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన 25కి అయితే కొద్ది వారాల్లోనే ‘బి’ తగిలింది.

టీమ్ బద్ధకం అనుకోకండి. జీతమిచ్చే స్టూడియోలో “ఈ వారం ఫీచర్లు ఆపి బగ్స్ చూడండి” అని లీడ్ చెప్తే చూడాల్సిందే. ఇక్కడ అలా చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆఫీసు పని ముగించుకుని రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లకి కొత్త యూనిట్ కోడ్ రాయడం సరదా. నలభై నిమిషాల మ్యాచ్‌లో ఎప్పుడో ఒకసారి వచ్చే క్రాష్‌ని వెతకడం మాత్రం శిక్షలాగే ఉంటుంది.

అన్నిటికన్నా మొండిది ‘అవుట్ ఆఫ్ సింక్’

ఇలాంటి స్ట్రాటజీ గేమ్‌లో నెట్‌వర్క్ మీద వెళ్లేది ఆటగాళ్ల ఆర్డర్లు మాత్రమే. వందల సైనికుల కదలిక, దెబ్బలు, చావులు అన్నీ ఎవరి పీసీలో అది సొంతంగా లెక్క కడుతుంది. ఎనిమిది పీసీల్లోనూ ఒకటే జవాబు రావాలి. దశాంశాల దగ్గర తేడా రాకూడదనే సిమ్యులేషన్‌లో ఫ్లోటింగ్ పాయింట్ బదులు ఫిక్స్‌డ్ పాయింట్ లెక్కలు వాడతారు. మధ్యమధ్యలో పీసీలన్నీ తమ హ్యాష్‌ని పోల్చి చూసుకుంటాయి. ఒక్కటి తేడా కొట్టిందా, ఆ క్షణం నుంచి ఇద్దరు ఆటగాళ్లు రెండు వేర్వేరు యుద్ధాలు చేస్తున్నట్టే.

ఫీచర్ రాసినవాళ్లు తమ పీసీలో ఒంటరిగా ఆడితే ఈ తప్పు కనిపించదు. రకరకాల సిస్టమ్స్ ఉన్నవాళ్లు కలిసి ఆడాలి. అంతమంది వచ్చేది రిలీజ్ తర్వాతే! ‘బి’ వెర్షన్ల అవసరం ఇక్కడే పుడుతుంది.

అందుకే రిలీజ్ ముందు ఫీచర్ ఫ్రీజ్ పెడతారు. అంటే కొత్త ఫీచర్లు బంద్. ట్రాన్స్‌లేటర్ల కోసం స్ట్రింగ్ ఫ్రీజ్. ఆపైన రిలీజ్ క్యాండిడేట్లు. పద్ధతి మంచిదే, కానీ ఫ్రీజ్ సాగేకొద్దీ ప్యాచ్‌లు క్యూలో పేరుకుపోతాయి. తొలి ప్యాచ్ పంపి నెలలు ఎదురుచూసిన కుర్రాడు రెండోది పంపుతాడా?

ఆల్ఫా 26 వచ్చింది 2022 సెప్టెంబరులో, ఆల్ఫా 27 ‘అగ్ని’ 2025 జనవరిలో. 28 నెలలు! నన్నడిగితే ‘బి’ కన్నా ఈ గ్యాపే ప్రమాదం. మార్పులు ఎక్కువయ్యేకొద్దీ ఏది ఆటని చెడగొట్టిందో తేలడం కష్టం. గిట్ బైసెక్ట్‌తో వెయ్యి కమిట్లని సగం సగం చేసుకుంటూ పోతే పది టెస్టుల్లో దోషి దొరకాలి, నిజమే. కానీ బగ్‌ని మళ్లీ రప్పించే దారి తెలియకపోతే ఆ పది టెస్టులూ పది పూర్తి మ్యాచ్‌లే.

ఆ దారి చూపించగలిగేది ఆటగాళ్లే. 0 ఏ.డి. ప్రతి మ్యాచ్‌లోని ఆర్డర్లనీ ‘కమాండ్స్’ అనే టెక్స్ట్ ఫైల్‌లో దాస్తుంది. అదే వెర్షన్‌లో ఆ ఫైల్‌ని గ్రాఫిక్స్ లేకుండా కూడా మళ్లీ నడిపించొచ్చు. దాంతోపాటు మెయిన్‌లాగ్, ఇంటరెస్టింగ్‌లాగ్ (పేరు నిజంగా అదే!), సింక్ పోతే వచ్చే డంప్ ఫైల్ జత చేస్తే డెవలపర్‌కి ఒక రాత్రి మిగులుతుంది. “గేమ్ క్రాష్ అయింది బ్రో” అని ఒక్క లైన్ పంపితే ఆ రాత్రి మీకు రిప్లై ఇవ్వడానికే సరిపోతుంది.

గిట్‌హబ్ ప్రొఫైల్ కోసం రీడ్‌మీలో స్పెల్లింగ్ దిద్దే బీటెక్ ఫ్రెండ్స్‌కి ఒక మాట: తర్వాతి రిలీజ్ క్యాండిడేట్ వచ్చినప్పుడు మీరు విండోస్‌లో, మీ రూమ్మేట్ లినక్స్‌లో కూర్చుని ఒక పెద్ద మ్యాచ్ ఆడండి. మౌర్యుల ఏనుగులు మీవే, కమాండ్స్ ఫైల్ మాత్రం డిలీట్ చేయకండి.